తోడు చర్మం

ఎర్నమ్మ ఎక్కడికి వెళ్లినా చేతులూపుకుంటూ వెళ్లదు. పలాస చుట్టుపక్కల పుట్టినవాళ్లంతా అంతే. పెళ్లికైనా, పరామర్శకైనా, ఆఖరికి కోర్టు వాయిదాకైనా గుడ్డసంచిలో ఇంత జీడి ఉండాల్సిందే. విశాఖలో సముద్రపు ఒడ్డున ఉన్న కాలినగాయాల ఆసుపత్రికి ఆమె ఆరేళ్లుగా, ఏడాదికి రెండుసార్లు, వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా శుభ్రంగా ఒలిచిన తెల్లటి పప్పు తెచ్చేది. ఈసారి మాత్రం తొక్కతోనే కాల్చిన పిక్కలు తెచ్చింది. ఒలిచే తీరిక లేక కాదు. పీట మీద కూర్చోలేక.

కూర్చోలేకపోవడానికి కారణం కుడితొడ మీద ఉంది. వానాకాలంలో డాక్టరమ్మ అక్కడినుంచి అరచేయంత చర్మం తీసింది. ఎప్పుడూ పక్షం రోజుల్లో మూసుకుపోయే చోటు, ఈసారి మంచు పడి, మంచు విడిచి, జీడిచెట్లు పూతకొచ్చినా మూసుకోలేదు. రసి కారి చీరకి అంటుకుంటోంది. నడిస్తే లాగుతోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బిడ్డ కోసం ఇచ్చిన చోట పుండు పడిందని నోరు జారితే ఆ చెడు బిడ్డకే కొడుతుందని ఆమె భయం. అలాంటి భయాలు ఆమెకి చాలా ఉన్నాయి. డాక్టరు భ్రమరాంబ మీద మాత్రం ఏ భయమూ లేదు. చచ్చిపోవాల్సిన కూతుర్ని చేతికిచ్చిన మనిషి. దేవతని వరం అడగొచ్చుగానీ, కాలు నొప్పెడుతోందని సణుగుతామా?

ఆరేళ్ల కిందట కూతురు కస్తూరికి పదిహేడేళ్లు. తల్లికి అన్నం క్యారేజీ ఇద్దామని జీడి బట్టీకి వెళ్లింది. పిక్కలు వేపే డ్రమ్ములోంచి మంట బయటికి తన్నింది. జీడినూనె అంటుకుంటే నీళ్లకి ఆరదు, బట్టకి ఆరదు. ముఖం ఒక్కటి తప్పించి, మెడనుంచి పాదాల దాకా ఒళ్లంతా కాలిపోయింది.

"కాలినచోట అతకడానికి పేషెంటు ఒంటిమీదే మంచి చర్మం తీస్తామమ్మా. ఈ పిల్లకి తీయడానికి చోటే మిగల్లేదు," అంది డాక్టరు భ్రమరాంబ ఆవేళ. "తల్లివి కాబట్టి నీది అతుకుతాను. మూడు వారాలు కాపు కాస్తుంది. ఆ తర్వాత ఊడిపోతుంది. పరాయి చర్మాన్ని ఏ ఒళ్లూ ఉంచుకోదు."

"నాను పరాయిదాన్నేటి? కోసుకోండి," అని ఎర్నమ్మ వరండాలోనే కుచ్చిళ్లు పైకెత్తేసింది. నర్సు కంగారుపడి తెర లాగింది.

మూడు వారాలు గడిచాయి. చర్మం ఊడలేదు. ఊడకపోగా అంచులనుంచి పాకడం మొదలుపెట్టింది. డాక్టరమ్మకి ఆనందం కంటే ముందు అనుమానం వచ్చింది. ఎర్నమ్మ చర్మాన్ని గోరంత తీసి, అద్దంలా పలచటి గాజుపళ్లెంలో గులాబీరంగు నీళ్లలో పెంచి, సూక్ష్మదర్శినిలో చూసింది. ఏళ్ల తరబడి ఎర్నమ్మ జీడి ఒలిచిన మనిషి. ఏటా సీజను మొదట్లో జీడిరసానికి చేతులు దద్దుర్లెక్కి, పొక్కి, తోలు ఊడి, కొత్త తోలు కట్టేవి. అలా పోవడమూ పుట్టడమూ ఆమె ఒంటి చర్మమంతటికీ ఎంత అలవాటైందంటే, కొత్త తోలు పుట్టించే దాని వేర్లకి అలసటే లేదు. పరాయి ఒంటిమీద పెట్టినా తన పని తాను చేసుకుపోతోంది. అంతటితో ఆగకుండా పక్కనున్న కాలిన కండకి కూడా చర్మం కట్టడం నేర్పుతోంది. పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే కుండెడు పెరుగైనట్టు. ల్యాబులో దానికి 'తోడు' అనే పేరు స్థిరపడిపోయింది.

"పెరుగు తోడు నాలుగుసార్లు తిరిగేసరికి పసతగ్గి నీళ్లగా వస్తుంది కదా," అని డాక్టరమ్మ ఎర్నమ్మకి చెప్పింది. "కస్తూరి చర్మమూ అంతే. అప్పుడప్పుడు నీ దగ్గర్నుంచి కొత్త తోడు వెయ్యాలి. లేకపోతే బిగుసుకుపోతుంది."

ఎర్నమ్మకి ఇది చప్పున అర్థమైంది. ఇంట్లో రోజూ చేసే పనే కదా. అప్పట్నుంచీ కబురొస్తే చాలు, రైలెక్కేది. కస్తూరి కోలుకుని, చదువు పూర్తి చేసి, మూడేళ్లుగా అదే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. ఆ గాజుపళ్లాల పనంతా ఆ పిల్లదే. కబురు తెచ్చేది కూడా ఆ పిల్లే.

"కుడికాలు ఈడుస్తన్నావేటమ్మా?" అంది కస్తూరి గేటు దగ్గరే.

"రైల్లో కూకుంటే తిమ్మిరెక్కిపోనాది," అంది ఎర్నమ్మ. కూతురి మెడ దగ్గర పైట సర్ది, అక్కడి చర్మాన్ని బొటనవేలితో రాసి చూసింది. కూతురి ముఖం తండ్రి రంగు, చామనఛాయ. మెడ కిందనుంచి అంతా ఎర్నమ్మ నలుపు. ఆ నలుపుని తాకినప్పుడల్లా ఆమెకి కడుపు నిండిపోయేది. "ఎలగుంది? బిగుస్తందా?"

"కొంచెం," అంది కస్తూరి వేరేవైపు చూస్తూ. "రేపు తీస్తారు. నువ్వు వార్డులో పడుకో. నాకు పనుంది."

పనుందని కూతురు ల్యాబుకి పోయింది. ఎర్నమ్మకి మంచం మీద పడుకోవడం చేతకాదు. సంచి పట్టుకుని వార్డంతా తిరిగింది. గాయాలు మాని ఇళ్లకి వెళ్లబోయేవాళ్లు, పరీక్షకి తిరిగొచ్చినవాళ్లు ఓ పాతికమంది దాకా ఉన్నారు. అందరికీ తలో గుప్పెడు పిక్కలు పెట్టింది. గోడ పక్క మంచం మీద నూకరాజు అనే జాలరి, పడవలో స్టవ్వు పేలి ముఖం ఒక పక్కా, ఎడమచెయ్యీ కాలినవాడు, పిక్కని పళ్లతో కొరకబోయాడు.

"నోటితో వద్దు బావూ! తొక్కలో రసముంటాది. తగిల్తే పొక్కిపోద్ది."

"ఉప్పునీళ్లలో ఊరిన మూతమ్మా ఇది. దీన్నేటి సేత్తాది మీ జీడి?" అని నవ్వి, కొరికి, పప్పు నోట్లో వేసుకుని, చేతులు ముఖానికి తుడుచుకున్నాడు. వార్డంతా టకటకా పిక్కలు పగిలాయి. ఎర్నమ్మకి సొంతూళ్లో ఉన్నట్టే అనిపించింది.

తెల్లారేసరికి ఆ వార్డులో గోల. నర్సులు అటూ ఇటూ పరుగులు. ఎర్నమ్మ లేచి చూస్తే నూకరాజు కుడిచెంప ఉబ్బిపోయి, కన్ను పూడుకుపోయి ఉంది. తప్పు తనదేనని ఆమెకి తెలిసిపోయింది. చెంపలు వాయించుకుంటూ దగ్గరికి వెళ్లింది. దగ్గరికి వెళ్లాక చేతులు ఆగిపోయాయి.

దద్దుర్లు చెంపంతా లేవు. ముక్కు పక్కనుంచి దవడ దాకా ఒక గీత గీసినట్టు ఆగిపోయాయి. గీతకి ఇవతల అతని సొంత తోలు, ఏమీ కానట్టు నున్నగా ఉంది. రెండు చేతులతోనూ పిక్కలు పగలగొట్టినవాడికి ఎడమచెయ్యి మాత్రమే పొక్కింది. ఆ దద్దుర్లని ఆమె ఎరుగు. మధ్యలో నూకగింజంత తెల్లగా, చుట్టూ ఎర్రగా, గుంపులు గుంపులుగా లేస్తాయి. ప్రతి సీజను మొదట్లోనూ తన మణికట్ల దగ్గర లేచేవి అవే. ఎన్నాళ్లో జీడిలో చేతులు పెట్టినవాళ్లకి తప్ప, ఒక్కరోజు పిక్క తిన్నవాడికి అలా లేవవు. ఒలుపుకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి కూడా మొదటిరోజే లేవవు.

"బావూ," అంది ఎర్నమ్మ. "నీకీ సర్మం ఎక్కడిది?"

"తోడేసినారమ్మా. డాట్రమ్మగారి తోడు. మా అందరికీ అదే."

ఆమె పక్క మంచానికి వెళ్లింది. హోటల్లో పూరీలు వేసే ఆవిడ, మెడా భుజమూ. అక్కడా గీత. ఆ పక్క మంచం, మోచెయ్యి. అక్కడా గీత. ఎక్కడెక్కడ గీతకి లోపల దద్దుర్లున్నాయో అక్కడల్లా రంగు కూడా కొంచెం నలుపని ఇప్పుడు కనపడింది. తిరిగొచ్చి నూకరాజు చెంప మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి రంగూ, ఆ చెంప రంగూ ఒకటే.

సరిగ్గా అప్పుడే డాక్టరు భ్రమరాంబ వార్డులోకి వచ్చింది. మంచం మీది దద్దుర్లు చూసింది. కింద పడిన జీడితొక్కలు చూసింది. ఆ చెంప మీదున్న చెయ్యి చూసింది.

"నాతో రా ఎర్నమ్మా," అంది.

ల్యాబులో వెచ్చటి బీరువా తలుపు తెరిచింది. లోపల వరసలు వరసలుగా గాజుపళ్లాలు. ఒక్కోదాంట్లో పాలమీద మీగడలా పలచగా ఏదో తేలుతోంది.

"ఇదంతా నువ్వే," అంది డాక్టరమ్మ. "వందలమంది బతికారు. అందరూ చచ్చిపోతారనుకున్నవాళ్లే. పళ్లాల్లో పెంచింది కొన్ని విడతల తర్వాత పసతగ్గిపోతుంది. మళ్లీ నీ ఒంటిమీదది కావాలి. అందుకే..."

"మా కస్తూరికి?"

డాక్టరమ్మ బీరువా తలుపు మూసింది. "కస్తూరికి మొదటిసారి వేసిందే. మళ్లీ అవసరం పడలేదు. మొదట్లో నిజంగానే పడుతుందనుకున్నాను. ఒట్టు. ఏడాది తిరిగేసరికి పడదని తెలిసింది. అప్పటికే వార్డు నిండిపోయి ఉంది."

పరాయివాళ్లు మోసం చేస్తే మనిషి అరుస్తుంది. ఎర్నమ్మకి అరుపు రాలేదు. ఏడాదికి రెండుసార్లు మత్తు దిగాక తొడ మండుతుంటే, ఆ మంటనే బిడ్డకి పట్టే పాలు అనుకుని పళ్లబిగువున ఓర్చుకున్న మనిషి. ఆ మంటలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా తిరిగొచ్చి, మేం ఎందుకు మండామని అడుగుతున్నట్టుంది. ఆమె చీర పక్కకి లాగి కుడితొడ చూపించింది.

డాక్టరమ్మ చూసింది. వంగి పుండు అంచులు తాకి చూసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"వానలకాడ్నుంచి. మీకు సెప్పడానికి సిగ్గేసింది. నీకు నా దగ్గర కోసుకోడానికి సిగ్గెయ్యనేదు గాని."

ఆరేళ్లలో డాక్టరమ్మని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. ఇద్దరికీ వినపడింది.

"చర్మం కింది వేర్లు అయిపోయాయి ఎర్నమ్మా," అంది డాక్టరమ్మ. "తోడు అరువిచ్చే ఇల్లాలు కూడా తన కుండలో ఒక గరిటెడు ఉంచుకుంటుంది. మేం నీకు అది ఉంచలేదు. అలసటే లేదనుకున్నాను. ఉంది. పైతోలులో పస ఉంది గానీ, నీ ఒంటిమీద ఎక్కడ కోసినా ఇక మానదు."

"కస్తూరి ఒంటిమీద నాదే ఉంది కదా. అదే తెచ్చి పెట్టు."

"పెరుగులో తోడు వేస్తే ఏం తోడుకుంటుంది? ఆ చర్మం పక్క కండకి నేర్పుతుంది. నీ కండ నేర్చుకోవాల్సిందంతా ఎప్పుడో నేర్చేసుకుంది, వాడేసుకుంది కూడా. ఉన్న పుండుని శుభ్రం చేసి, మందు పెడుతూ, నెమ్మదిగా మూయించడానికి చూస్తాను. చిన్నదే కాబట్టి ఆశ ఉంది. ఇంకో గాయం మాత్రం పడకూడదు. పడిందా, నీ ప్రాణం నా చేతుల్లో ఉండదు."

ఎర్నమ్మ చీర సర్దుకుంది. ఒక ప్రశ్న మిగిలింది. దాన్ని అడగడానికి డాక్టరమ్మ దగ్గర కాదు, ఇంకోచోటికి వెళ్లాలి.

కస్తూరి మేడమీద ఉంది. ఉతికిన దుప్పట్లు ఆరేసిన తీగల మధ్య నిలబడి సముద్రంవైపు చూస్తోంది. వార్డు కబురు అప్పటికే చేరినట్టుంది. తల్లి మెట్లెక్కుతున్న చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు.

"నీకెప్పుడు తెలుసు?"

"ల్యాబులో చేరిన వారంలోనే." అబద్ధం ఆడలేదు. ఆడితే బాగుండునని ఎర్నమ్మకి ఒక్క క్షణం అనిపించింది.

"అంటే మూడేళ్లు. మొన్న వానల్లో నువ్వే వచ్చినావు. అన్నం ముందర కూకుని, 'మెడకాడ బిగుస్తందమ్మా, ముద్ద దిగట్లేదు' అన్నావు. మెడ ఇలగ తిప్పి సూపించినావు. నాను కంచం తోసేసి నీతో రైలెక్కినాను."

"అమ్మా, కొత్తగా కాలినోళ్ల వార్డు లోపల నువ్వు ఒక్క రోజు కూడా ఉండలేదు. నేనున్నాను. అక్కడ కాలినోళ్లు ఎలగ అరుస్తారో నాకు తెలుసు. నేనూ అలగే అరిసినాను."

"అందుకని?"

"నీకు సెప్తే నువ్వు ఆలోసిస్తావు. రాత్రిళ్లు నిద్రపోవు. ఆఖరికి ఇస్తానే అంటావు. నువ్వలాంటిదానివే. మరి ఆ బాధంతా ఎందుకని..." కస్తూరి ఏడుపు మింగుకుంది. "ఎలగూ ఇచ్చీదానివి కదమ్మా?"

ఎర్నమ్మ కుడికాలి బరువు ఎడమకాలి మీదికి మార్చుకుంది. దుప్పటి అంచు గాలికి కొట్టుకుంటోంది.

"ఇచ్చీదాన్నో, ఇవ్వకపోదునో నాకు తెలీదే," అంది నెమ్మదిగా. "ఊరూ పేరూ తెలీనోళ్ల కోసం తొడ కోసుకోమందునా? ఏమో. మంచిదాన్నో కాదో నాకు నానే తెలుసుకుందును. అది నాది. నువ్వు నా తోలుతోపాటు అదీ పట్టుకుపోనావు."

కస్తూరి దగ్గరికి రాబోయింది. ఎర్నమ్మ మెట్ల వైపు తిరిగింది.

ఆ సాయంత్రం బండెక్కి వెళ్లిపోదామనే అనుకుంది. పుండు శుభ్రం చేయించుకోకుండా కదలొద్దని డాక్టరమ్మ బతిమాలింది. ఆలోగా కింద గేటు దగ్గర అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి ఆగడం మొదలైంది. ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు పేలిందట. పదకొండుమంది పనివాళ్లు. అందరివీ చిన్న వయసులే. వరండాలోంచి స్ట్రెచర్లు పోతుంటే కాలిన వాసన కంటే ముందు అరుపులొచ్చాయి. కస్తూరి చెప్పిన అరుపులు అవే కాబోలు. ఎర్నమ్మ చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడ్డాయి.

డాక్టరు భ్రమరాంబ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. వెనక గుమ్మంలో కస్తూరి.

"ఈసారి దాచను ఎర్నమ్మా," అంది డాక్టరమ్మ. "పళ్లాల్లో ఉన్నది పసతగ్గిపోయింది, కస్తూరి ఒంటికి ఒకసారి అతికినది మళ్లీ తోడుకి పనికిరాదు. ఇవాళ నీ దగ్గర తీసుకుందామనే ఆగాం. కొత్తది అరచేయంత ఉంటే ఈ పదకొండుమందికీ సరిపడా పెంచగలను. లేకపోతే పాతపద్ధతిలోనే చూస్తాను. ఇద్దరో ముగ్గురో నిలుస్తారు. తీస్తే నీకు ఏమవుతుందో పొద్దున్నే చెప్పాను. అడుగుతున్నాను. అంతే."

ఆరేళ్లకి అడిగారు. ఈ మాట కోసమేగా పొద్దున్నుంచీ గుండె రగిలింది. తీరా అడిగాక, అడక్కుండా ఉంటే బాగుండుననిపించేంత బరువుగా ఉంది. బయట ఎవరో తల్లి కొడుకుని పేరుపెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. ఎర్నమ్మకి నలభై నాలుగేళ్లు. పుండు మానితే ఇంకో పాతికేళ్లు పీట మీద కూర్చుని పిక్క ఒలవొచ్చు. ఎవరికీ బాకీ లేకుండా, ఎవరి కబురుకీ అదిరిపడకుండా బతకొచ్చు. ఆ బతుకు కావాలనిపించింది. ఎంత కావాలనిపించిందంటే, తన మీద తనకే భయమేసింది.

"ఇవ్వను," అంది.

డాక్టరమ్మ తలూపింది. "సరే. మళ్లీ అడగను." లేచి వెళ్లిపోయింది, స్ట్రెచర్ల వైపు. కస్తూరి గుమ్మంలోనే నిలబడి తల్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ఎర్నమ్మకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అయినా మాట మార్చుకోలేదు. ఆరేళ్లలో ఆ ఒంటిమీద ఆమె చెలాయించిన అధికారం ఆ ఒక్క మాటే.

మర్నాడు ఉదయం పుండు శుభ్రం చెయ్యాలన్నారు. లోపల్దాకా గీకి తియ్యాలి కాబట్టి మత్తివ్వక తప్పదు. మత్తంటే ఎర్నమ్మ ముడుచుకుపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకి నిద్రంటే భయమేసింది. కూతురు వచ్చి స్ట్రెచర్ పక్కన నిలబడింది. రాత్రంతా నిద్రలేదని కళ్లే చెబుతున్నాయి. ఎంత కాదనుకున్నా కన్నబిడ్డ. ఆ కళ్లు చూసి ఎర్నమ్మ మనసు కొంచెం మెత్తబడింది. ఆ ఆసుపత్రిలో ఆమెకి ఇంకెవరున్నారు?

"కస్తూరీ. నా పక్కన నువ్వు కూకుంటేనే సూది ఎయ్యనిస్తాను. ఎవుల్నీ నా మీద సెయ్యెయ్యనీకు."

"పక్కనే కూకుంటానమ్మా."

"ఒట్టెయ్యి."

కస్తూరి తల్లి నెత్తిమీద చెయ్యి పెట్టింది. "నీ పక్కనించి కదల్ను. ఒట్టు."

అడిగింది రెండైతే ఒట్టు పడింది ఒకదానికేనని ఎర్నమ్మ గమనించలేదు. ఆ చెయ్యి చల్లగా, తన చెయ్యిలాగే ఉంది. కళ్లు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి దిండు వాసన ముక్కుకి గట్టిగా తగులుతోంది. ముఖం పక్కకి తిరిగి ఉంది. నేలా, స్టూలు కాళ్లూ కనిపిస్తున్నాయి. నాలుక తడారిపోయింది. తాను బోర్లా పడుకుని ఉన్నానని కాసేపటికి తెలిసింది. తొడ ముందువైపు పుండుకి మందేస్తే మనిషిని బోర్లా ఎందుకు పడుకోబెడతారు? ఆ ప్రశ్న ఆమె బుర్రలో పూర్తయ్యేలోగా వీపు జవాబు చెప్పింది. కుడి డొక్క పైన, అరచేయంత మేర, నిప్పు పెట్టినట్టు భగ్గుమంది. ఆ మంట ఎలాంటిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్టూలు మీద కస్తూరి ఉంది. ఒట్టు నిలబెట్టుకుంది.

"పక్కనే ఉన్నానమ్మా," అంది. "రవ్వంత కూడా కదల్లేదు."

"సూత్తన్నాను," అంది ఎర్నమ్మ.

"డాక్టరమ్మ వద్దన్నాది. 'మీ అమ్మ ఇవ్వనంది, నేను ముట్టుకోను' అన్నాది. నేనే కాళ్లమీద పడ్డాను. మత్తులో ఉన్న మనిషి తరఫున కూతురు ఒప్పుకోవచ్చట. నేను ఒప్పుకున్నాను. అందులో ఒకడికి ముఖం తప్ప ఏటీ మిగల్లేదమ్మా. అచ్చం నాలాగ. ముఖం ఒక్కటే. నేనేటి సెయ్యను? సెప్పు, నేనేటి సెయ్యాల?"

ఎర్నమ్మకి అడగాల్సినవి చాలా ఉన్నాయి. నేను చస్తానని నీకు తెలుసా అని అడగొచ్చు. జవాబు తెలుసు కాబట్టే అడగలేదు.

"తోడు పడిందా? వాళ్లకి?"

"ఇప్పుడే పళ్లాల్లో ఏసినాం. పడతాది. అందరూ బతుకుతారు." కస్తూరి ముందుకి వంగి తల్లి నుదుటి చెమట తుడిచింది. అరచెయ్యి నుదుటిమీదే ఉంచేసింది. నుదురు ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో ఎర్నమ్మకి తెలియలేదు. ఒకే వెచ్చదనం, ఒకే గరుకు. తన చర్మమే తనని ఓదారుస్తోంది. దాన్ని తోసేయడానికి చెయ్యెత్తబోయింది, వీపు లేవనివ్వలేదు.

"సెయ్యి తియ్యి," అంది.

కస్తూరి తీసింది.

"వార్డులో నా తోలు కట్టుకున్నోళ్లు సానామంది ఉన్నారు కదా. ఆళ్లకి తెలీక కట్టుకున్నారు."

"అమ్మా..."

"ఆళ్లల్లో ఎవుల్నైనా ఒకల్ని పిలు. ఎవులైనా పర్లేదు. నా పక్కన కూకోడానికి. నువ్వు లెగు."

కస్తూరి కదల్లేదు. కదలనని ఒట్టు వేసింది కదా. ఎర్నమ్మ ఇంకేమీ అనకుండా, మంట మంటగానే, ముఖాన్ని అంగుళం అంగుళం చొప్పున గోడవైపు తిప్పుకుంది. చాలాసేపటికి వెనకనుంచి స్టూలు జరిగిన చప్పుడైంది.